ఎన్ని రోజులుగా వేసుకుంటున్నారు?

మా బావగారికి గుంటూరు జిల్లాలో ఎరువుల దుకాణం ఉంది. మిరప దెబ్బతిని రైతుల నుంచి బాకీలు వసూలు కాని ఏడాది, సాయంత్రం నాలుగయ్యేసరికి ఆయనకు తలనొప్పి పట్టుకునేది. తల చుట్టూ తువ్వాలు బిగించి కట్టినట్టు ఉంటుందని చెప్పేవారు. గల్లాపెట్టెలో చిల్లర పోసే అరలోనే ఒక మాత్రల షీటు ఉండేది. పారాసెటమాల్, కెఫీన్, వాటితోపాటు మరో నొప్పి మందు కలిసిన మాత్ర అది. మొదట్లో వారానికి ఒకటి వేసుకున్నవారు ఎనిమిది నెలలు తిరిగేసరికి రోజుకు రెండు వేసుకోసాగారు. నొప్పి మాత్రం సాయంత్రం నుంచి ముందుకు జరిగి జరిగి, నిద్ర లేవడంతోనే మొదలయ్యే దాకా వచ్చింది. చివరికి నరాల వైద్యుడి దగ్గరకు వెళితే, ఆయన మాత్ర పేరు రాసుకుని, నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారని అడిగారు. బావగారు వేళ్ల మీద లెక్కపెట్టబోయి, వేసుకోని రోజులను లెక్కపెట్టడమే సులువని తెలిసి ఆగిపోయారు.

మన ఇళ్లలో మాత్రల గురించి మాట వస్తే దాని ‘పవరు’ ఎంత అనే అడుగుతారు. ఎక్కువ పవరున్న మాత్ర అంటే భయం, తక్కువ పవరుది అంటే ధీమా. మానసిక ఒత్తిడి వల్ల వచ్చే బాధలకు మనం సాధారణంగా వాడే మందుల విషయంలో, మిల్లీగ్రాముల లెక్క ఎంత అవసరమో రోజుల లెక్క కూడా అంతే అవసరమని, చాలాసార్లు అంతకంటే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ప్రమాదం ఎదురైనప్పుడు మెదడు పంపే సంకేతంతో మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ వెనకబడుతుంది. బాధ ఏ రకమైనదైనా శరీరం ఒకే తీరులో స్పందిస్తుందని శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లో ప్రకటించినప్పటి నుంచి ఈ విషయంపై పరిశోధన విస్తారంగా సాగింది. పాము కనబడితే ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. పాము వెళ్లిపోతుంది, శరీరం సద్దుమణుగుతుంది. బాకీల దిగులు అలా వెళ్లిపోయేది కాదు కనుక మెడ, నుదురు, మాడు కండరాలు నెలల తరబడి బిగుసుకునే ఉంటాయి. నొప్పిని మోసే నాడులు చిన్న స్పర్శకే స్పందించేంత సున్నితంగా మారతాయి. కడుపులో మంట, రాత్రి నిద్ర పట్టకపోవడం తోడవుతాయి. తలనొప్పి, ‘గ్యాస్’, నిద్రలేమి అనే ఈ మూడింటికీ మూడు రకాల మాత్రలు దాదాపు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తాయి.

వాటిలో పారాసెటమాల్‌ను సక్రమంగా వాడితే అది ఎంతో భద్రమైన మందు. జ్వరానికి, ఓ మాదిరి నొప్పికి, గర్భిణుల నుంచి వృద్ధుల వరకు వైద్యులు మొదట తలచుకునేది దాన్నే. అయితే ఇక్కడ ఒక రోజులో ఎంత అన్నదే కీలకం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 24 గంటల్లో 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. అంటే 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు దాటకూడదు. మద్యం అలవాటున్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, బక్కపలచని వారికి ఆ పరిమితి ఇంకా తక్కువ. ఈ మందులో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే రసాయనం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. మోతాదు మించితే ఆ నిల్వ అయిపోయి కాలేయ కణాలు చనిపోతాయి. జలుబు మాత్రల్లో, ఒళ్లు నొప్పుల మాత్రల్లో కూడా పారాసెటమాల్ కలిసి ఉంటుంది కనుక తెలియకుండానే రెండింతలు మింగేవారు ఉన్నారు. మోతాదు దాటినా మొదటి రోజు మనిషి బాగానే కనిపించవచ్చు. విరుగుడు మందు అసిటైల్‌సిస్టీన్ తొలి గంటల్లో అందితేనే పూర్తిగా పనిచేస్తుంది కాబట్టి, లక్షణాల కోసం ఎదురు చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలది వేరే దారి. నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని ఆస్పిరిన్ జాతి మందులు ఆపుతాయని శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించారు. 1982లో నోబెల్ పొందినవారిలో ఆయన ఒకరు. కీళ్ల వాపు, పంటి నొప్పి, నెలసరి నొప్పి ఉన్నవారికి ఈ మందులు చేసే మేలు మాటల్లో చెప్పలేనిది. చిక్కేమిటంటే, కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తం తగ్గకుండా చూసేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మేలో మిట్టమధ్యాహ్నం దాకా పొలంలో పనిచేసి, చాలినన్ని నీళ్లు తాగని మనిషి, రక్తపోటుకు టెల్మిసార్టాన్‌తో పాటు మూత్రం ఎక్కువగా వెళ్లే మాత్ర కూడా వేసుకుంటూ, నడుము నొప్పికి డైక్లోఫెనాక్ మింగితే, మూత్రపిండాలకు మూడు వైపుల నుంచి దెబ్బ తగులుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంతమందికి మూత్రపిండాల జబ్బు రావడానికి అసలు కారణం నేటికీ తేలలేదు. నొప్పి మాత్రలే కారణమని చెప్పడం తప్పు. కానీ అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలకు ఈ మాత్రలు హాని చేస్తాయన్నది మాత్రం నిస్సందేహం.

బావగారికి జరిగింది ఇంకొకటి. తలనొప్పికి తరచుగా మాత్ర వేసుకుంటే ఆ వాడకమే తలనొప్పిని పుట్టిస్తుంది. వైద్యశాస్త్రం దీన్ని ప్రత్యేక వ్యాధిగా గుర్తించింది: విడి నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు లేదా అంతకు మించి, రెండు మూడు మందులు కలిసిన మాత్రలైతే 10 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడినవారిలో దీన్ని అనుమానించాలి. మెదడులోని నొప్పి మార్గాలు మందుకు అలవాటుపడి, అది తగ్గిన ప్రతిసారీ మళ్లీ నొప్పిని పలికిస్తాయి. ఒక్క రోజులో నాలుగు మాత్రలు వేసుకుని ఆ నెలంతా ఊరుకున్న మనిషికి ఈ జబ్బు రాదు. రోజుకు ఒక్కటే చొప్పున నెలల తరబడి వేసుకున్నవారికి రావచ్చు.

గ్యాస్ మాత్రకూ ఇదే వరస. పాంటోప్రజోల్ కడుపులో యాసిడ్‌ను తోడే పంపులను మూసేస్తుంది. కడుపులో పుండ్లకు ఒత్తిడీ కారమే కారణమని ఒకప్పుడు నమ్మేవారు. వాటిలో ఎక్కువ భాగానికి హెలికోబాక్టర్ అనే బాక్టీరియా మూలమని ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొని 2005లో నోబెల్ అందుకున్నారు. యాంటీబయాటిక్‌లతో కలిపి ఇస్తే ఈ మాత్ర ఆ పుండును మాన్పుతుంది. కానీ ఏ కడుపు బాధా లేని ఆరోగ్యవంతులకు డెన్మార్క్‌లో ఈ జాతి మందును ఎనిమిది వారాలు ఇచ్చి ఆపితే, వారిలో చాలామందికి అంతకుముందు లేని మంట కొత్తగా మొదలైంది. మూసిన పంపులు ఒక్కసారిగా తెరుచుకుని యాసిడ్ పొంగడమే దానికి కారణం. రోగి అది తన పాత జబ్బే అనుకుని మళ్లీ షీటు కొంటాడు. ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గే ప్రమాదం కూడా ఉంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది నిద్రమాత్ర. ఆల్ప్రజోలామ్ మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతుంది. తీవ్రమైన ఆందోళనతో ఊపిరాడక అల్లాడే మనిషిని అరగంటలో నెమ్మదింపజేయగలదు. అయితే దాన్ని రెండు నుంచి నాలుగు వారాలకు మించకుండా ఇవ్వాలంటారు. అంతకు మించితే అదే మోతాదు చాలకుండా పోతుంది, అకస్మాత్తుగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. ఎన్ని రోజులు వాడినా, వృద్ధులు రాత్రిపూట తూలిపడి తుంటి విరగ్గొట్టుకోవచ్చు, మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. తెలంగాణలో కల్తీ కల్లు కథ దీనికి సాక్ష్యం. ఆల్ప్రజోలామ్ కలిపిన కల్లుకు అలవాటుపడిన కూలీలు, సరఫరా ఆగిన రోజుల్లో చేతులు వణుకుతూ, లేనివి కనిపిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. తాము ఒక మందుకు బానిసలయ్యామని కూడా తెలియని మనుషులు వాళ్లు. వైద్యుడి చీటీ లేకుండా ఈ మాత్ర అమ్మకూడదని చట్టం ఉన్నది ఇందుకే.

ఇదంతా చదివి రక్తపోటు, థైరాయిడ్ మాత్రలను, మనోవ్యాధికి వైద్యుడు నెలల తరబడి రాసిన మందులను ఎవరూ ఆపకూడదు. అవి రోజూ వాడితేనే పనిచేసేవి. వాటిలో నాగా పెట్టడమే ప్రమాదం.

బావగారి మాత్రను వైద్యుడు ఒక్కసారిగా ఆపించి, తలనొప్పి రాకుండా చూసేందుకు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. మొదటి వారం నొప్పి ముందుకంటే ఎక్కువైంది. అలా అవుతుందని ముందే చెప్పి ఉండకపోతే తాను తప్పకుండా గల్లాపెట్టె తెరిచేవాడినని ఆయనే అన్నారు. సాయంత్రం పూట అరగంట నడక, ఎంత రాత్రి పడుకున్నా లేచే వేళ మారకపోవడం, మధ్యాహ్నం తర్వాత టీ మానేయడం అలవాటు చేశారు. ఊపిరి పీల్చిన దానికి రెట్టింపు సేపు నెమ్మదిగా వదలడం నేర్పారు. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది కనుక, ఇది అడ్రినలిన్‌కు ఎదురు పనిచేస్తుంది. వీటన్నిటికంటే మా అక్క చేసిన పని ఎక్కువ ఉపయోగపడిందని నాకు అనిపిస్తుంది. బాకీల పుస్తకం ముందు పెట్టుకుని, ఏ రైతు ఎంత ఇవ్వగలడో, ఏ పంటకు ఇవ్వగలడో ఆయనతో కూర్చుని కాగితం మీద రాయించింది. అప్పు అంతే ఉంది, కానీ దాని అంచు ఎక్కడో కనిపించింది. అలా కూర్చునే మనిషి ఇంట్లో లేనివారు 14416కు ఫోన్ చేస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు.

హఠాత్తుగా, మునుపెన్నడూ లేనంత తీవ్రంగా తలనొప్పి వచ్చినా, దానితో జ్వరం, మెడ పట్టేయడం, చూపు మసకబారడం, ఒక కాలో చెయ్యో బలహీనపడడం ఉన్నా అది ఒత్తిడి నొప్పి అనుకుని ఇంట్లో ఉండకూడదు. మామూలు తలనొప్పికి మాత్రం వారానికి రెండు రోజులు దాటకుండా విడి పారాసెటమాల్ వేసుకోవచ్చని వైద్యుడు బావగారికి చెప్పారు. ఆయన ఇప్పుడు మాత్ర తీసిన ప్రతిసారీ, షీటు మీద ఖాళీ అయిన గుంత పక్కన బాల్ పెన్నుతో తేదీ రాస్తున్నారు.