సవర వాచకానికి ఏ లిపి? ఎస్పెరాంటో నాటి చిక్కే

శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి కొండల్లో సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలంటే ముందు తేలాల్సింది లిపి. ఉన్న భాషకు అక్షరాలు కూర్చడం, లేని భాషను కొత్తగా కట్టడం వేరువేరు పనులు. అయినా రెండూ తడబడేది ఒకే చోట: దిద్దే హక్కు ఎవరిది, ప్రెస్సులో అక్షరాలు ఉన్నాయా?

1879లో జర్మన్ మతగురువు ష్లేయర్ వోలాప్యూక్ అనే కొత్త భాషను తలపెట్టారు. పదేళ్లలో సంఘాలు, పత్రికలు వెలిశాయి. వ్యాకరణం సులువు చేద్దామని అనుచరులు అడిగితే చివరి మాట తనదేనని పట్టుబట్టారు. ఉద్యమం చీలిపోయింది.

1887లో వార్సాలో ఎస్పెరాంటో అనే మరో కొత్త భాషకు తొలి పుస్తకం వేసిన జామెన్‌హోఫ్ మాత్రం ఆ భాష మీద తన హక్కులు మొదట్లోనే వదులుకున్నారు. నియమాలు 16. వాటి కట్టుబడి తెలుగువారికి కొత్తేమీ కాదు. ‘లెర్న్’ నేర్చుకోవడం, ‘ఏయ్’ చోటు, ‘ఓ’ నామవాచకం గుర్తు. మూడూ కలిస్తే లెర్నేయో, అంటే బడి. బహువచనానికి ‘య్’, కర్మకు ‘న్’ చేరిస్తే లెర్నేయోయ్న్, బడులను. అయితే ధాతువులు దాదాపు అన్నీ యూరప్‌వే. ఆ చివరి ‘య్న్’ దగ్గర, అచ్చుతో ముగిసే మాటలకు అలవాటుపడ్డ మన నాలుక ఓ ‘ఉ’కారాన్ని చేర్చేస్తుంది. టోపీ గుర్తున్న అయిదు అక్షరాలు చాలా ప్రెస్సుల్లో లేక, పక్కన ‘హెచ్’ చేర్చుకోమని ఆయనే చెప్పాల్సి వచ్చింది.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిది ఎదురు దారి, నా దృష్టిలో ఇంకా కష్టమైన దారి. పర్లాకిమిడిలో ఉంటూ సవరల నోటినుంచే భాష నేర్చారు, వాళ్లకు బడులు పెట్టించారు. 1931లో అచ్చయిన సవర వ్యాకరణంలో రోమన్ అక్షరాలు వాడి, దీర్ఘానికి పక్కన నిలువుగా రెండు చుక్కలు పెట్టారు.

1936లో మంగెయి గొమాంగో సవరకే సొంతంగా సొరంగ్ సొంపెంగ్ లిపి కూర్చారు, 24 అక్షరాలతో. యూనికోడ్‌లోకి అది వచ్చింది 2012లో. అందాకా ఆ లిపిలో కంప్యూటర్‌లో వాచకం కూర్చడానికి ఉమ్మడి సంకేతాలే లేవు. ఆ 1936 ఏప్రిల్ 1నే పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. సరిహద్దు గీతకు ఇటు, ఆంధ్రలో, 2004లో మొదలైన బహుభాషా విద్యలో సవర వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి.

తెలుగు లిపి టీచరుకు వీలే. కాని సవరలో గొంతు బిగించి చటుక్కున ఆపే శబ్దానికి అందులో అక్షరం లేదు. అది రాయకుండా వదిలేస్తే పిల్లవాడు చదివే మాట ఇంట్లో విన్న మాటలా ఉండదు. తెలుగు లిపినే ఉంచేట్టయితే ఆ బిగింపుకు ఒకే గుర్తు ఖాయం చేసి, ఒకటో తరగతి నుంచీ అన్ని పుస్తకాల్లో వాడాలి. ఆ గుర్తు ఏదో తేల్చాల్సింది సవర టీచర్లే.