బట్టలు ఆరే గాలిలో ఐసింగ్ ఎందుకు ఆరదు?

క్రిస్మస్ దగ్గరపడితే ఇంట్లో కుకీలు చేసి, వాటి మీద ఐసింగ్ అనే పంచదార పూత వేసేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. “రాత్రంతా ఫ్యాను కింద పెట్టినా ఐసింగ్ వేలికి అంటుకుంటోంది. అదే గదిలో దండెం మీది తువ్వాలు మాత్రం తెల్లారేసరికి ఆరిపోయింది. ఎందుకని?” పిండి కలపడం, కాల్చడం ఎవరైనా చెబుతారు, వాటిని వదిలేద్దాం. ఈ తువ్వాలు సంగతే అసలు సంగతి.

గట్టిగా ఆరే ఈ పూతని రాయల్ ఐసింగ్ అంటారు. దానికి మామూలు కొలత: 450 గ్రాముల ఐసింగ్ షుగర్ (మెత్తటి పంచదార పొడి), 3 టేబుల్ స్పూన్ల మెరాంగ్ పౌడర్, 90 మి.లీ. గోరువెచ్చని నీళ్లు. మెరాంగ్ పౌడర్‌లో ముఖ్యమైనది ఎండబెట్టిన గుడ్డు తెల్లసొన. పచ్చి గుడ్డు వాడితే సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం ఉంటుంది. కుకీ నిండా పరుచుకునేంత జారుగా కావాలంటే ఇంకో రెండు టీ స్పూన్ల నీళ్లు పడతాయి, మొత్తం 100 మి.లీ., అంటే 100 గ్రాములు అనుకుందాం. గది వేడిలో 100 గ్రాముల నీళ్లు కరిగించుకోగలిగేది సుమారు 200 గ్రాముల పంచదార. మిగతా 250 గ్రాములు కరగకుండా ఉండిపోతుంది. కాబట్టి మనం కోన్‌లో నింపేది చిక్కటి పాకంలో మునిగిన పంచదార రేణువుల ముద్ద.

అందులోంచి ఒక గ్రాము నీరు గాలిలోకి పోతే, రెండు గ్రాముల పంచదారకి కరిగి ఉండే చోటు పోతుంది. అది పక్కనున్న రేణువుల మీద పేరుకుని, వాటిని ఒకదానితో ఒకటి అతికిస్తుంది. గవ్వలకి పాకం పట్టేటప్పుడు జరిగేదీ ఇదే. అక్కడ పాకం చల్లారినందువల్ల పంచదార విడిపడి తెల్లటి పూతవుతుంది, ఇక్కడ నీళ్లు పోయినందువల్ల విడిపడుతుంది.

చిక్కల్లా ఆ నీళ్లు పోవడంలోనే. పంచదార అణువులు నీటిని పట్టి ఉంచుతాయి. గాలిలో తేమ 100 శాతానికి చేరేదాకా తువ్వాలులోని నీరు ఎంతో కొంత ఆవిరవుతూనే ఉంటుంది. పంచదార ఇక కరగనంత నిండిన పాకానికి ఆ హద్దు దాదాపు 85 శాతం దగ్గరే వచ్చేస్తుంది. ఈ తేడా చాలామందికి తట్టదు. గదిలో తేమ 75 ఉంటే ఐసింగ్‌కి దొరికే తేడా 10. తేమ 45 ఉంటే తేడా 40, అంటే ఆరే వేగం రమారమి నాలుగింతలు. 85 దగ్గర ఆరడం ఆగిపోతుంది. అది దాటితే ఐసింగే గాలిలోని నీటిని తాగడం మొదలెడుతుంది. విశాఖలో, కాకినాడలో వానాకాలపు రాత్రి తేమ 85 దాటడం మామూలే. ఫ్యాను ఆ అంకెను తగ్గించలేదు. ఐసింగ్‌ని అంటిపెట్టుకున్న తడిగాలిని తోసేసి, గదిలోని గాలిని తెచ్చి పెడుతుంది, అంతే. ఆ గాలే తడిసి ఉంటే ఫ్యాను ఎంత తిరిగినా ఒకటే. తలుపులు మూసి ఏసీ వేయండి, డ్రై మోడ్ ఉంటే మరీ మంచిది.

వానాకాలంలో పంచదార డబ్బాలో పొడిగా ఉంటే, పక్కనే బెల్లం చెమరుస్తుంది, చూసే ఉంటారు. బెల్లంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. ముఖ్యంగా ఫ్రక్టోజ్ 60 శాతం తేమ దాటగానే నీరు లాగుతుంది. మెరుపు కోసం ఐసింగ్‌లో తేనో, గ్లూకోజ్ సిరప్పో కలపమని చెప్పేవాళ్లున్నారు. పొడి ఊళ్లో అది చక్కగా పనిచేస్తుంది. సముద్రం పక్క ఊళ్లో అదే జిగురై కూర్చుంటుంది. ఇక “ఒకే వైపు తిప్పాలి, లేకపోతే విరిగిపోతుంది” అన్న మాట ఉత్త నమ్మకం. గిన్నెకి నూనె జిడ్డు ఉంటే మాత్రం తెల్లసొన నురగ నిజంగానే నిలవదు.

మెరుపు తేలేది మొదటి గంటలో. పైపొర తొందరగా బిగిస్తే స్ఫటికాలు సన్నగా ఉండిపోతాయి, ఉపరితలం నున్నగా వెలుగుతుంది. నెమ్మదిగా ఆరితే చిన్న స్ఫటికాలు కరిగి పెద్దవాటి మీద చేరతాయి, గరుకుతేలి మసకబారుతుంది. అందుకే ఐసింగ్ వేసిన వెంటనే ఫ్యాను ముందు పెట్టాలి. కుకీ మీది బొమ్మకి వేసే కళ్లు, ముక్కు లాంటి చిన్న భాగాలు గుంటపడేది కూడా పైపొర బిగిసేలోపు లోపలి నురగ కుంగడం వల్లే. చాకుతో గీసిన గీత 15–20 సెకన్లలో పూడుకుపోతే పరచడానికి సరైన జారు. చిన్న భాగాలకి ఇంకాస్త గట్టిగా కలపాలి.

ఐసింగ్‌కి ముందు కుకీ పూర్తిగా చల్లారాలి. ట్రే మీద 5 నిమిషాలు ఉంచి, ఆపైన కిందనుంచి గాలి ఆడే తీగల జాలీ మీదికి మార్చి కనీసం గంట వదిలేయాలి. జాలీ లేకపోతే అడుగున ఆవిరి చిక్కుకుని మెత్తబడుతుంది. వెచ్చగా ఉండగా ఐసింగ్ వేస్తే కరిగిన వెన్న పైకి పాకి పసుపు మరకలు పడతాయి. ముదురు రంగు పక్కన తెలుపు వేయాలంటే మొదటిది 8 గంటలు ఆరాలి. తడి ఉన్నంతసేపూ రంగు నీటితోపాటు పక్కకు పాకుతుంది. పైన గట్టిగా తగిలినా లోపల తడి ఉంటుంది, కాబట్టి 12 గంటలలోపు ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

ఫ్రిజ్ మాటేమిటి? లోపల బాగానే ఉంటాయి, బయటికి తీశాకే ముప్పు. గదిలో 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉంటే 25 డిగ్రీలకన్నా చల్లటి ప్రతి వస్తువు మీదా నీళ్లు పడతాయి. 5 డిగ్రీల కుకీ మీద ఆ నీళ్లు రంగుల్ని కలిపేస్తాయి. ఇప్పటికే పెట్టేసి ఉంటే, గాలి చొరని డబ్బాని మూత తీయకుండా బయట పెట్టి, డబ్బా గది వేడికి వచ్చాకే తెరవండి. చెమట మూత బయటే పడుతుంది.