ఫోన్ వాడకం చూసి పేదరికం లెక్కేస్తే

నెల జీతం ఉన్నోళ్లకి కష్టమొస్తే చూపించుకోడానికి పే స్లిప్ ఉంటుంది, మేస్త్రీ పనికెళ్లేవాళ్లకో రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్లకో పని ఉందని గానీ పోయిందని గానీ కాగితం మీద ఎక్కడా ఉండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 2018లో వేసిన లెక్క ప్రకారం ఇలాంటోళ్లు ప్రపంచంలో 200 కోట్ల మంది, అంటే పని చేసేవాళ్లలో 61 శాతం. మరి గవర్నమెంట్ సాయం చేద్దామనుకున్నా ఎవరికని ఇస్తుంది?

2020లో లాక్‌డౌన్ టైమ్‌లో పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశానికి సరిగ్గా ఇదే చిక్కొచ్చింది. అప్పటికి చివరి జనాభా లెక్కలు 2011 నాటివి, పేదల లిస్టు అంటూ లేదు. చేతిలో ఉన్నదల్లా కొత్త ఓటర్ల జాబితా, అందులో ఏం పని చేస్తారో రాసుంది కాబట్టి ఏప్రిల్‌లో దాంతోనే నొవిస్సీ అనే స్కీమ్ మొదలెట్టారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేకపోయింది, బటన్ ఫోన్‌లో స్టార్ 855 హ్యాష్ కొట్టి ఓటర్ కార్డు నంబర్ ఇస్తే చాలు, అర్హులైతే డబ్బులు మొబైల్ మనీలో, అంటే ఫోన్ నంబర్ మీదుండే ఖాతాలో, పడేవి. రాజధాని లోమేలో ఆడవాళ్లకి నెలకి 12,250 ఫ్రాంకులు (అక్కడి కరెన్సీ), మగవాళ్లకి 10,500 ఇచ్చారు (ఈ తేడా నాకు నచ్చింది).

పల్లెలకి వెళ్లేసరికి ఏఐ దిగింది. ముందు శాటిలైట్ ఫోటోల సాయంతో బాగా పేదవైన 100 కాంటన్లు, అంటే కొన్ని ఊళ్లు కలిసిన చిన్న ప్రాంతాలు, ఏరారు. తర్వాత ఓ 10,000 మందికి ఫోన్ చేసి ఇంటి పరిస్థితి కనుక్కుని, వాళ్ల కాల్స్, మెసేజ్‌లు, డేటా, మొబైల్ మనీ వాడకంతో జత చేసి మెషీన్‌కి చూపించారు. అది వాటిలో పోలికలు పట్టుకుని మిగతా అందరి ఫోన్ రికార్డులు చూసి రోజుకి 1.25 డాలర్ల కంటే తక్కువతో బతికేది ఎవరో అంచనా వేసింది. దానికి ఆకలి అంటే ఏంటో తెలీదండీ, తెలిసిందల్లా ఇలా ఫోన్ వాడేవాళ్లు ఎక్కువగా పేదోళ్లే అని, అంతే.

పని చేసిందా అంటే చేసింది. 2022లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనా పేపర్ ప్రకారం, ప్రాంతాన్ని బట్టి పంచే పద్ధతులతో పోలిస్తే అర్హులు తప్పిపోవడం 4 నుంచి 21 శాతం తగ్గింది. కానీ ఇంటింటికీ తిరిగి రాసిన పూర్తి లిస్టే ఉండుంటే అనుకుని లెక్కేస్తే మాత్రం, దాని కంటే ఇందులో తప్పిపోయేవాళ్లు 9 నుంచి 35 శాతం ఎక్కువ. అంటే లిస్టు లేని చోట, అర్జెంటుగా ఇవ్వాల్సినప్పుడు ఇది బానే ఉంది, లిస్టు రాసే పని ఎగ్గొట్టడానికి దీన్ని సాకుగా వాడుకుంటే మాత్రం నేనొప్పుకోను.

ఇంకోటి, మెషీన్ చూసేది మనిషిని కాదు, సిమ్‌ని. సిమ్ లేనోళ్లు దానికి అసలు కనపడరు, ఒకే సిమ్ మీద ఇంటిల్లిపాదీ మాట్లాడుకునే చోట కాల్స్ గుట్టలుగా ఉంటాయి కాబట్టి ఎవరో బాగా ఉన్నోళ్లే అనుకున్నా అనుకుంటుంది, ఆ సిమ్ నలుగురిదని దానికి చెప్పేదెవరు?