వెయ్యి డాలర్ల నోట్లు, ఒక సెనేట్ సీటు

1899 జనవరి. అమెరికాలోని మోంటానా రాష్ట్ర రాజధాని హెలెనా. ఫ్రెడ్ వైట్‌సైడ్ అనే సభ్యుడి ద్వారా కొన్ని కవర్లు శాసనసభ ముందుకొచ్చాయి. విప్పితే అన్నీ వెయ్యి డాలర్ల నోట్లే, మొత్తం 30 వేలు. విలియం క్లార్క్‌ను సెనేట్‌కు పంపేందుకు ఓట్లు కొంటూ ఆయన మనుషులు ఇచ్చిన డబ్బు అన్నది ఆరోపణ.

అప్పట్లో అమెరికా సెనేటర్లను జనం ఎన్నుకునేవారు కాదు. మన రాజ్యసభకు లాగే రాష్ట్ర శాసనసభ్యులు ఓటేసేవారు. అంటే లక్షల మందిని కాదు, కొన్ని పదుల మందిని చూసుకుంటే చాలు. బ్యూట్ రాగి గనుల్లో కోట్లు గడించిన క్లార్క్‌కు అదొక లెక్క కాదు. నోట్లు బయటపడ్డా సీటు ఆయనకే దక్కింది. వాటిని బయటపెట్టిన వైట్‌సైడ్ పదవే పోయింది!

మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో సెనేట్ కమిటీ ఈ ఎన్నిక చెల్లదని తేల్చింది. వేటు పడకముందే క్లార్క్ రాజీనామా చేశాడు. అసలు విడ్డూరం ఆ తర్వాతిది. గవర్నర్ ఊళ్లో లేని సమయం చూసి, లెఫ్టినెంట్ గవర్నర్ (అక్కడ గవర్నర్ తర్వాతి స్థానం) ఆ ఖాళీలో మళ్లీ క్లార్క్‌నే నియమించాడు. గవర్నర్ తిరిగొచ్చి దాన్ని రద్దు చేశాడు. అయినా 1901లో రాష్ట్రానికున్న రెండు సెనేట్ సీట్లలో రెండోది సంపాదించి క్లార్క్ ఆరేళ్లు దర్జాగా కూర్చున్నాడు. లాస్ వేగాస్ ఉన్న క్లార్క్ కౌంటీకి పెట్టింది ఈయన పేరే.

కంపెనీలు ఫెడరల్ అభ్యర్థులకు చందాలివ్వకూడదని 1907లో చట్టం వచ్చింది. సెనేటర్లను నేరుగా ఎన్నుకునే హక్కు 1913లో జనానికి దక్కింది. మోంటానా ఓటర్లు ఇంకో అడుగు వేసి, రాష్ట్ర ఎన్నికల్లో కంపెనీల డబ్బును నిషేధించే చట్టాన్ని 1912లోనే తామే ఓటేసి తెచ్చుకున్నారు. దెబ్బ తిన్నవాళ్ల చట్టం అది.

కోర్టుల దారి వేరు. ప్రచార ఖర్చుకు పరిమితి పెడితే భావప్రకటన స్వేచ్ఛను అడ్డుకున్నట్టేనని 1976లో బక్లీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అంది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో 5-4 తేడాతో కంపెనీలకూ, యూనియన్లకూ తలుపులు తెరిచింది: అభ్యర్థితో కూడబలుక్కోకుండా ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చు. ఎంతైనా చందాలు పోగేసి ప్రచారానికి ఖర్చు పెట్టే కమిటీలు, అంటే సూపర్ ప్యాక్‌లు, పుట్టుకొచ్చింది అప్పుడే. ఆ ‘కూడబలుక్కోకుండా’ అన్న షరతు ఎంత గట్టిదో ఎన్నికలు చూసినవాళ్లెవరికైనా తెలుసు.

మా చరిత్ర వేరంటూ మోంటానా సుప్రీంకోర్టు 2011లో తమ చట్టాన్ని నిలబెట్టింది. 2012 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది, మళ్లీ 5-4తో, మౌఖిక వాదనలైనా వినకుండా.

2024లో మోంటానా సెనేట్ పోటీలో రెండు వైపులా కలిపి 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. రాష్ట్ర జనాభా 11 లక్షల చిల్లర. సీటు మాత్రం పాతదే, 1899లో క్లార్క్ గెలిచి వదులుకున్నది.