కాలిక్యులేటర్ తెరలో ఎదురు తిరిగే పుల్లలు

కాలిక్యులేటర్ తెరని వేలితో నొక్కితే మరకలా ఏదో పాకుతుంది, వేలు తీస్తే సర్దుకుంటుంది. లోపల ఉన్నది లిక్విడ్ క్రిస్టల్ అనే ద్రవమే కదా, మరి దాన్ని వెనక్కి తెచ్చేదెవరు అని అడిగింది మా మేనకోడలు. పదార్థానికి మూడే స్థితులని బళ్ళో బట్టీ పట్టిన పిల్లకి ఈ అనుమానం రావడం నాకు భలే ముచ్చటేసింది. (క్రిస్టల్ అనగానే అదృష్ట రాళ్ళు గుర్తొచ్చేవాళ్ళకి ఒక దండం, ఇది ఆ కొట్టు కాదు.)

1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త రెండుసార్లు కరిగే పదార్థాన్ని చూసిన కథ ఎక్కడైనా దొరుకుతుంది, వదిలేద్దాం. లిక్విడ్ క్రిస్టల్ అణువుల్ని అగరొత్తి పుల్లల్లా ఊహించుకోండి. ఒకదాని పక్కనుంచి ఒకటి నీళ్ళలాగే జారిపోతాయి, కానీ అన్నీ ఒకే దిక్కు చూడాలి, పేచీ అంతా ఆ దిక్కు చెడితేనే. విసనకర్రలా విచ్చుకోవడం, వరి దుబ్బులా వంగడం, చుట్టు మెట్లలా మెలి తిరగడం, ఈ మూడింటికీ 1958లో ఫ్రాంక్ అనే భౌతిక శాస్త్రవేత్త తలా ఒక స్థిరాంకం ఇచ్చి శక్తి లెక్క రాశాడు. విలువ సుమారు 10 పికోన్యూటన్లు (పికో అంటే లక్ష కోట్లవ వంతు), మహా బలహీనమైన స్ప్రింగు. అద్దానికి పూసి గుడ్డతో ఒకే దిక్కున రుద్దిన పాలిమర్ పొర పుల్లల్ని పట్టి ఉంచుతుంది, వేలు తీశాక వాటిని వెనక్కి తెచ్చేది ఆ పట్టూ ఈ స్ప్రింగూ కలిసే.

ఎంతసేపట్లో? జిగటని మందం వర్గంతో గుణించి, స్థిరాంకంతోనూ 3.14 వర్గంతోనూ భాగించండి. 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొర, 0.1 పాస్కల్-సెకను (జిగటని కొలిచే ప్రమాణం) జిగట అయితే పాతిక మిల్లీసెకన్లు వస్తుంది.

కానీ ఈ లెక్కలో పుల్లలు ఉన్నచోటే తిరుగుతున్నాయని అనుకున్నాం. కవ్వం తిప్పితే మజ్జిగ ఊరుకుంటుందా? పుల్ల తిరిగితే ద్రవం కదులుతుంది, ద్రవం కదిలితే ఇంకో పుల్ల తిరుగుతుంది. 1960లలో ఎరిక్సన్, లెస్లీ అనే శాస్త్రవేత్తలు రాసిన సమీకరణాల గుట్టు ఇదే. అందులో జిగట కూడా ఒకటి కాదు, విడివిడిగా కొలవాల్సినవి ఐదు.

ఇక నాకు మహా ఇష్టమైన సంగతి. వాచీ తెరకి కరెంటు ఇస్తే నడిమి పుల్లలు నిటారుగా లేస్తాయి, అద్దాల దగ్గరవి పడుకునే ఉంటాయి. కరెంటు తీయగానే ముందు కదిలేవి అద్దాల పక్కవి, వంపు ఎక్కువగా ఉండేది అక్కడే మరి. అవి కదులుతూ ద్రవాన్ని పైన ఒకవైపుకీ కింద ఎదురువైపుకీ తోస్తాయి. తలని ఇటూ కాళ్ళని అటూ లాగినట్టయి, నడిమి పుల్లలు పడుకోవాల్సింది పోయి 90 డిగ్రీలు దాటి అవతలికి వాలతాయి! అందుకే తెర గుండా వచ్చే వెలుతురు కొంచెం పెరిగి, తగ్గి, మళ్ళీ పెరుగుతుంది. 1975లో వాన్ డోర్న్, బెరెమన్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వాళ్ళు ప్రవాహాన్ని కూడా లెక్కలో కలిపాకే ఈ గంతు కాగితం మీద కనిపించింది. ప్రవాహం తీసేస్తే వెలుతురు గీత బుద్ధిగా నున్నగా ఎక్కుతుంది.

మా పిల్ల ఇంతా విని, ఫ్రిజ్‌లో పెడితే ఏమవుతుందంది. పెట్టి చూడమన్నాను. జిగట పెరిగి, అంకెలు నిద్రమొహంతో మారుతున్నాయి.