గాలివాటు ఫాయిలింగ్: నెల్లూరు, ఒంగోలు తీరంలో తరచూ వినిపించే అపోహలు, వాస్తవాలు

విండ్‌సర్ఫ్ ఫాయిల్ అంటే తెరచాప బోర్డు అడుగున నిలువు కడ్డీ (ఫాయిల్ మాస్ట్), దాని కొసన నీటిలో రెక్కలు. వేగం అందాక ఆ రెక్కలు బోర్డును నీటి మీదికి లేపుతాయి. గాలి పోయే దిక్కునే కెరటాల మీద అలా పోవడమే గాలివాటు ఫాయిలింగ్. మన తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది, సముద్రం తూర్పున ఉంటుంది. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నం దాటితే గాలి దక్షిణం నుంచో ఆగ్నేయం నుంచో తిరుగుతుంది. అంటే ఒడ్డు వెంబడే, కొద్దిగా ఒడ్డు వైపుకు వాలి వీస్తుంది. విండ్‌సర్ఫ్ ఫాయిల్ బోర్డు మీద పాకల ఊరి దగ్గర నీళ్లలోకి దిగి, గాలి లేపిన కెరటాలను ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుంటూ కొత్తపట్నం వైపు పోవడానికి ఇంతకన్నా అనువైన అమరిక దొరకదు. చెన్నైలోనో తూత్తుకుడిలోనో ఫాయిల్ నేర్చుకుని వచ్చిన వాళ్లు కూడా ఇక్కడ మొదట తడబడతారు. కారణం నైపుణ్యం లేక కాదు, కింద రాసిన నమ్మకాల్లో ఏదో ఒకటి తలలో ఉండబట్టి.

అపోహ: గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఇదే అన్నిటికన్నా సులువు.

వాస్తవం: గాలి 16 నాట్లు ఉందనుకోండి (నాటు అంటే గంటకు దాదాపు 1.85 కి.మీ.). మీరు గాలి పోయే దిక్కునే 13 నాట్లతో పోతుంటే తెరచాపకు తగిలేది 3 నాట్లే. అప్పటిదాకా బూమ్‌కు (తెరచాపకు అడ్డంగా ఉండే చేతిపట్టు కడ్డీకి) వేలాడి ఒళ్లు వెనక్కి వాల్చే అలవాటున్న మనిషి, ఆ క్షణంలో వెల్లకిలా నీళ్లలో పడతాడు. ఇక్కడ తెరచాప పని బోర్డును నీటి మీదికి లేపడం వరకే. ఆ తర్వాత నడిపేది కెరటం. ఈ ఒక్కటి మనసుకు పట్టకపోతే మిగతా సలహాలేవీ పనికిరావు.

చేయాల్సింది ఇది. మొదట గాలికి అడ్డంగా పోతూ ఫాయిల్ మీద లేవండి. వేగం కుదిరాక, హార్నెస్ కొక్కెం (నడుము పట్టీని బూమ్ తాడుకు తగిలించేది) ముందే విప్పండి. కొక్కెం తగిలించుకునే గాలివాటుకు తిరిగితే తెరచాప ఒక్కసారిగా వదులవుతుంది, మళ్లీ గాలి నిండిన మరుక్షణం మిమ్మల్ని బోర్డు మీదుగా ముందుకు విసురుతుంది. ఎదుట పల్లం కనిపించినప్పుడే ముక్కును గాలివాటుకు తిప్పండి. బరువంతా కాళ్ల మీదికి తెచ్చుకోండి. ముందు చేయి బూమ్ మొదట్లో, మాస్ట్‌కు (తెరచాపను నిలిపే కర్రకు) దగ్గరగా ఉండాలి. వెనక చేయి దాదాపు ఊరకే ఉంటుంది, తెరచాప జెండాలా ఆడుతున్నా ఫర్వాలేదు. కెరటం జారిపోయి వేగం తగ్గుతోందని పాదాలకు తెలియగానే, ఫాయిల్ దిగిపోకముందే, మళ్లీ కాస్త అడ్డానికి తిరిగి వెనక చేత్తో ఒకటి రెండు గుంజులు గుంజి గాలి నింపుకోవాలి. దిగిపోయాక గాలివాటులోనే లేద్దామని చూస్తే చేతులు నొప్పి పుట్టడమే మిగులుతుంది. అడ్డంగా తిరిగి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

అపోహ: కెరటం ఎంత పెద్దదైతే అంత బాగా నడుస్తుంది.

వాస్తవం: ఎత్తు కన్నా ముందు చూడాల్సింది విరామం, అంటే ఒక శిఖరం పోయాక రెండోది రావడానికి పట్టే సెకన్లు. లోతు నీళ్లలో కెరటం వేగం దాని విరామాన్ని బట్టే ఉంటుంది. 4 సెకన్ల కెరటం పొడవు 25 మీటర్లు, వేగం గంటకు 22 కి.మీ. 5 సెకన్లదైతే 39 మీటర్లు, 28 కి.మీ. 6 సెకన్లదైతే 56 మీటర్లు, 34 కి.మీ. మన ఫాయిల్ హాయిగా పోయే వేగం ఈ అంకెల మధ్యే ఉంటుంది కాబట్టి ఇవే మనకు పనికొచ్చేవి. అర మీటరు ఎత్తున్నా వరసగా వస్తే చాలు.

మన ఒడ్డున పెద్దగా విరిగే అలల్లో చాలావరకు వేరే జాతివి. అవి దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు నడిచి వచ్చేవి, 14 సెకన్ల విరామం దాకా ఉంటాయి. అలాంటి కెరటం లోతులో గంటకు దాదాపు 79 కి.మీ. పోతుంది. దాన్ని నడిసముద్రంలో అందుకోవడం కల్ల. తీరం దగ్గర అది నెమ్మదించి నిటారుగా లేచి విరిగేటప్పుడు ఫాయిల్‌తో అక్కడ ఉండటం తెలివైన పని కాదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర సూచనలో గాలి కెరటాలు, దూరపు కెరటాలు విడివిడిగా ఉంటాయి. మొత్తం ఎత్తు ఒక్కటే చూసి బయల్దేరకండి.

ఒడ్డున నిలబడి కొలిచే పద్ధతి కూడా ఉంది. విరిగే అలల అవతల వల బెండు ఏదైనా కనిపిస్తే, అది పది సార్లు పైకి లేవడానికి ఎంత సేపు పట్టిందో చూసి పదితో భాగించండి. భాగించకముందు మొత్తం 40 నుంచి 55 సెకన్లు వస్తే ఆ రోజు మంచి రోజు. 30 లోపు వస్తే కెరటాలు ఇంకా ముదరలేదు.

ముదరడానికి సమయం, దూరం రెండూ కావాలి. 15 నాట్ల గాలి 30 కి.మీ. మేర నాలుగు గంటలకు పైగా వీస్తే వచ్చేది దాదాపు 4 సెకన్ల విరామం, ముప్పావు మీటరుకు కాస్త తక్కువ ఎత్తు. అందుకే ఒంటిగంటకు గాలి మొదలవగానే పరుగెత్తి దిగినవాళ్లకు చిన్న చిన్న గుంటలు తప్ప ఏమీ దొరకవు. మూడున్నర, నాలుగుకు దిగినవాళ్లకే అసలు సరుకు. అయితే ఏప్రిల్‌లో ఆరున్నర ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. ఒడ్డెక్కే చోటికి ఐదున్నరకల్లా చేరేలా లెక్క వేసుకోవాలి.

అపోహ: మంచి కెరటం ఒకటి దొరికితే దాని మీదే చివరిదాకా పోవచ్చు.

వాస్తవం: పోలేరు. కెరటాలు గుంపులుగా నడుస్తాయి. లోతు నీళ్లలో గుంపు వేగం ఒక్కో శిఖరం వేగంలో సగమే. 5 సెకన్ల శిఖరం గంటకు 28 కి.మీ. పోతుంటే గుంపు 14 దగ్గరే ఉంటుంది. అంటే మీ కింద ఉన్న శిఖరం గుంపు వెనక పుట్టి, మధ్యలో ఎదిగి, ముందుకొచ్చి చదునైపోతుంది. మీ కాళ్ల కింద వాలు పల్చబడటం మీ తప్పు కాదు, కెరటం నడతే అంత. తప్పల్లా చచ్చిపోయిన కెరటాన్ని పట్టుకుని వేలాడటమే.

వాలు తగ్గుతోందనిపించగానే రెండు దారులు. ఒకటి, బోర్డును పక్కకు వాల్చి అడ్డంగా జరుగుతూ వెనకదాన్ని రానివ్వడం. రెండోది, తెరచాపకు గాలి నింపి ముందున్న శిఖరాన్ని దాటి దాని ఎదటి వాలులోకి దిగడం. కొత్తవాళ్లకు మొదటిదే చెబుతాం. రెండోదానికి ముందున్న కెరటం వీపు ఎక్కాలి, అక్కడే చాలామంది కూలబడతారు.

ఎందుకంటే, కెరటం ఎదటి వాలులో నీళ్లు పైకి లేస్తుంటాయి, వీపు వైపు కిందికి దిగుతుంటాయి. కొండ అంచున పైకెగసే గాలిలో గద్ద రెక్క కదపకుండా తేలినట్టు, ముందు రెక్క ఆ లేచే నీళ్లలో ఉన్నంతసేపే ఉచితంగా నడుస్తుంది. ఎదటి వాలులో పై సగం మన చోటు. పూర్తిగా పల్లంలోకి దిగితే వేగం హరించుకుపోతుంది, ముందు కెరటం వీపుకు ముక్కు తగులుతుంది. పల్లం అడుగు చేరకముందే పక్కకు తిరిగి మళ్లీ పైకి రావాలి. అందుకే నీటి మీద మన జాడ పాము నడిచినట్టు మెలికలు మెలికలుగా ఉంటుంది, గీత గీసినట్టు కాదు.

ఇంకో చిన్న సంగతి. కెరటంలో నీటి కదలిక పైన ఎక్కువ, లోతుకు పోయేకొద్దీ తక్కువ. రెక్కను మరీ లోతుగా ముంచి నడిపితే, ముఖ్యంగా పొట్టి కెరటాల్లో, ఆ సాయం పోతుంది. మరీ పైకి తెస్తే రెక్క గాలి పీల్చి ఒక్కసారిగా పట్టు వదులుతుంది. 90 సెం.మీ. ఫాయిల్ మాస్ట్‌లో సగం నీటిలో, సగం బయట ఉంచడం సరైన కొలత.

అపోహ: గాలివాటుకు పెద్ద తెరచాప కావాలి. ఒలింపిక్స్‌లో చూశాం కదా.

వాస్తవం: పారిస్ 2024లో పాత ఆర్ఎస్‌ఎక్స్ బోర్డు స్థానంలో వచ్చిన ఐక్యూఫాయిల్ తరగతిలో మగవాళ్ల తెరచాప 9, ఆడవాళ్లది 8 చదరపు మీటర్లు. అది పందెం. గాలికి ఎదురుగా, వాలుగా, వీలైనంత వేగంగా పోవడానికి చేసిన సరంజామా. కెరటం నడుపుతున్నప్పుడు ఊరకే మోయాల్సిన తెరచాప అంత ఉంటే అది బరువే తప్ప సాయం కాదు.

70, 75 కిలోల మనిషికి 15 నుంచి 18 నాట్ల గాలిలో 4.5 నుంచి 5 చదరపు మీటర్లు చాలు. క్యాంబర్లు (తెరచాప వంపును బిగబట్టి ఉంచే ముక్కలు) లేని రకం తీసుకోండి, చేతిలో ఊరకే ఆడనిస్తుంది. ముందు రెక్క 1200 నుంచి 1500 చ.సెం.మీ., ఫాయిల్ మాస్ట్ 85 నుంచి 95 సెం.మీ. బోర్డు ఘనపరిమాణం మీ బరువు కిలోల్లో ఎంతో దానికి ఓ 20, 30 లీటర్లు ఎక్కువ ఉంటే, గాలి పడిపోయినప్పుడు నిలబడి తెరచాప లేపుకోవచ్చు.

రెక్క మరీ పెద్దదైతే వచ్చే తంటా లెక్కలో తెలుస్తుంది. పైకి లేపే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వాలులో వేగం 20 శాతం పెరిగితే ఆ బలం 44 శాతం పెరుగుతుంది. ముందు కాలుతో తొక్కిపట్టలేక ఫాయిల్ నీళ్లలోంచి బయటికొస్తుంది, బోర్డు దబ్బున పడుతుంది. తెరచాప కొలతలో సందేహం వస్తే చిన్నదానికే మొగ్గండి. రెక్కలో సందేహం వస్తే కాదు, మరీ చిన్న రెక్క కెరటాల మధ్య గాలి తగ్గిన ప్రతిసారీ మునుగుతుంది.

అపోహ: ఫుట్‌స్ట్రాప్‌లు (పాదం దూర్చే పట్టీలు) లేకుండా నిలవలేం.

వాస్తవం: తీసేయండి, లేదా ముందువి మాత్రం ఉంచండి. పాదం కెరటాన్ని బట్టి అంగుళం అటూఇటూ జరగాలి.

అపోహ: పడమర గాలి రోజున నీళ్లు నున్నగా ఉంటాయి, నేర్చుకోవడానికి అదే క్షేమం.

వాస్తవం: మొత్తం జాబితాలో ప్రాణం మీదికి తెచ్చేది ఇదొక్కటే. జూన్ నుంచి నైరుతి రుతుపవనాల్లో గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డు దగ్గర నున్నగా ఉండటానికి కారణం కెరటం పుట్టేంత దూరం లేకపోవడమే. సరుగుడు తోటల మీదుగా వచ్చే గాలి ముక్కలు ముక్కలుగా, ఒకసారి లేనట్టు, ఒకసారి ఈడ్చినట్టు ఉంటుంది. ఏదైనా విరిగితే మిమ్మల్ని మోసుకుపోయేది నడిసముద్రంలోకి. ఆ గాలిలో దిగకండి.

ఏప్రిల్, మే నెలల్లో మంచి దక్షిణ గాలి రోజున కూడా పడమటి ఆకాశం మీద ఒక కన్నుండాలి. మబ్బు నల్లగా కమ్మి, వీస్తున్న గాలి ఉన్నట్టుండి చల్లబడితే, ఈదురుగాలి పడమర నుంచి విరుచుకుపడటానికి ఎక్కువసేపు పట్టదు. ఎక్కడున్నా సరే, దగ్గరి ఒడ్డుకు తిరగండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలిలో దారి తిరగబడుతుంది, ఉత్తరం నుంచి దక్షిణానికి పోవాలి. తీరపు నీటి ప్రవాహం కూడా అప్పుడు దక్షిణానికే. కెరటాలు గట్టిగానే ఉంటాయి కానీ అది తుపాన్ల కాలం, అల్పపీడనం వార్త ఉంటే దిగే మాటే వద్దు.

అపోహ: వేట నిషేధం రోజుల్లో వలలుండవు, ఎక్కడైనా పోవచ్చు.

వాస్తవం: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం మరపడవలకు, మోటారు బోట్లకు. ఇంజను లేని సంప్రదాయ పడవలకు కాదు. కాబట్టి వలలు ఉంటాయి. ఒడ్డు నుంచి లాగే అలివి వల నీళ్లలో ఉన్నప్పుడు దాని తాళ్లు పైకి కనిపించకపోవచ్చు, ఒడ్డున గుంపుగా లాగుతున్న మనుషులను చూసే తెలుసుకోవాలి. దిగేముందు ఆ ఊరి పల్లెపాలెం పెద్దలను అడగండి, ఏ వల ఎక్కడుందో వాళ్లు చేయి చాపి చూపిస్తారు. బెండ్ల వరసను ఎప్పుడూ దాటకండి, చుట్టి వెళ్లండి. ఫాయిల్ వలలో చిక్కితే గుంజవద్దు, కోయవద్దు. తెరచాప నీళ్ల మీద పడేసి, బోర్డు తోక దగ్గరికి ఈది, దాన్ని పక్కకు వాల్చి, రెక్క కొస నుంచి వలను జార్చండి. ఆ వల ఒక ఇంటి సంపాదన.

వలలే కాదు, చోట్లు కూడా చూసుకోవాలి. మైపాడు నుంచి ఉత్తరానికి పోతే పెన్నా మొగ (నది సముద్రంలో కలిసే చోటు) వస్తుంది. అక్కడి ఇసుక మేటల మీద కెరటాలు క్రమం తప్పి విరుగుతాయి, మొగకు ముందే ఒడ్డెక్కాలి. కృష్ణపట్నం రేవు కాలువ ఓడల దారి, రామాయపట్నం దగ్గర రేవు గోడలు అలలను వెనక్కి కొట్టి కలగాపులగం చేస్తాయి. ఈ రెండింటినీ మన దారిలో పెట్టుకోకూడదు.

దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు 90 సెం.మీ. ఫాయిల్ మాస్ట్ అంటే కనీసం 1.2 మీటర్ల లోతు లేనిదే బోర్డు ఎక్కకూడదు. తిరిగొచ్చేటప్పుడు ఇసుక మేట తగిలితే బోర్డు ఆగిపోతుంది, మీరు ఆగరు. విరిగే అలల అవతలే ఫాయిల్ దించి, బోర్డు బోర్లా తిప్పి, రెక్కలు పైకి పెట్టి నడిపించుకురండి.

అపోహ: ఈత బాగా వస్తే చాలు.

వాస్తవం: గాలి తీరం వెంబడి ఉన్న రోజున బోర్డును వదలకపోవడమే ముఖ్యం. ఈత రెండో సంగతి. తెరచాప నీళ్లలో పడి ఉంటే లంగరులా పట్టి ఉంచుతుంది, దాన్ని పట్టుకునే ఉండండి. ఎక్కువగా తెగేది తెరచాప మాస్ట్ అడుగున ఉండే రబ్బరు కీలు. అది తెగి బోర్డు, తెరచాప విడిపోతే బోర్డు వైపే పోవాలి. రెండు మీటర్ల 4 మి.మీ. తాడు, విడి కీలు, ఈల, నీరు చొరని సంచిలో ఫోను నడుముకు ఉండాలి. హెల్మెట్, తేలే జాకెట్ తప్పనిసరి, కింద పదునైన రెక్క ఉంది మరి. తీరరక్షక దళం నంబరు 1554, తీర పోలీసులది 1093. ఇద్దరికి తక్కువ కాకుండా దిగండి, ఒడ్డున బండితో ఒకరు ఉండాలి.

అపోహ: కార్బన్ ఫాయిల్‌కు ఉప్పు నీళ్ల భయం లేదు.

వాస్తవం: కార్బన్‌కు లేదు, దాన్ని తాకే అల్యూమినియంకు ఉంది. ఉప్పు నీటిలో కార్బన్, స్టీలు, అల్యూమినియం తగిలి ఉంటే తినుకుపోయేది అల్యూమినియమే. తెల్లటి పొడి కనిపిస్తే అదే. ప్రతిసారీ బోల్టులు విప్పి, మంచినీళ్లతో కడిగి, ఆరాక మరలకు ఉప్పు నీటిని తట్టుకునే గ్రీజు రాసి బిగించండి. పది రోజులు విప్పకుండా వదిలేస్తే ఆ తర్వాత విప్పేది మీరు కాదు, డ్రిల్లు పెట్టుకొచ్చిన మెకానిక్కు.