నీటి అంచు ఎక్కడ?

చిత్తడి సరస్సు చుట్టూ నడకదారి వేయదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది నీటి అంచు ఎక్కడన్నది. పటం మీద అది గీతే కాని, నేల మీద వెడల్పైన పట్టీ. ఒడ్డు నూరు మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలి ఉన్నచోట నీటిమట్టం 10 సెంటీమీటర్లు తగ్గితే అంచు 10 మీటర్లు లోపలికి జరుగుతుంది. కొన్నాళ్లు మునిగి, కొన్నాళ్లు బయటపడే ఇలాంటి నేలకు కూడా 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం చిత్తడి నేలల నిర్వచనంలో చోటిచ్చింది.

ఆ పట్టీలోని బురదను కదిలిస్తే తరచు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది మురుగు కలిసిందనడానికి గుర్తే కానక్కరలేదు. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది కాబట్టి, నీరు నిలిచిన మట్టిలో ఉన్న కాస్త ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు త్వరలోనే వాడేస్తాయి. ఆపైన ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్ అనే గంధక లవణంతో పని గడుపుకొనే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును వదులుతుంది, ఆ కుళ్లు వాసన దానిదే. మెట్టనేల మొక్కల వేళ్లు ఊపిరాడక చచ్చే ఆ చోట జమ్ము, తుంగ, కలువ బతుకుతున్నాయంటే, వాటిలో గాలి నడిచే దారులు ఉండటమే కారణం. కలువ కాడను అడ్డంగా కోస్తే ఆ రంధ్రాలు కంటికే కనిపిస్తాయి. కొన్ని కలువ జాతులలో ఎండకు వేడెక్కిన లేత ఆకులలో ఒత్తిడి పెరిగి, గాలి కాడ గుండా బురదలోని దుంపకు దిగి, ముదురాకుల గుండా తిరిగి పైకి వస్తుంది. వేళ్ల నుంచి కొంత ఆక్సిజన్ మట్టిలోకి ఊరుతుంది గనుక, బూడిదరంగు బురదలో పెరిగిన వేరుకు ఒక్కోసారి ఎర్రని పూత పడుతుంది. అది అచ్చమైన ఇనుప తుప్పు.

పక్షులు కూడా లోతును బట్టే చోటు ఎంచుకుంటాయి: తడి బురదలో ఉల్లంకులు, మోకాలిలోతులో కొంగలు, అంతకు మించితే మునిగి చేపలు పట్టే నీటికాకులు. (రెక్కలు చాచి ఎండలో నిలబడిన నీటికాకి ఈకలు ఆరబెట్టుకుంటోంది, దాని ఈకలు బాతు ఈకలకంటే బాగా తడుస్తాయి.)

అందంగా ఉంటుందని ఒడ్డు వెంట నిలువైన రాతిగోడ కట్టి, దాని మీదుగా దారి వేయడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద తప్పు. నీరు పెరిగినా తగ్గినా అంచు అక్కడే ఉంటుంది, పట్టీ మాయమవుతుంది, దానితోపాటు ఉల్లంకులూ పోతాయి. దారిని గట్టినేల మీదే ఉంచి, ఒకటి రెండు చోట్ల మాత్రం గుంజల మీద నిలిపిన చెక్కవంతెనతో జమ్ములోకి తీసుకువెళ్లడం మేలు. అప్పుడు అడుగుల బరువుకు మట్టి అణగిపోదు, కింద నీటి కదలికా ఆగదు. గూళ్లు పెట్టే మూలకు వచ్చేసరికి దారి నీటికి దూరంగా మళ్లిపోవాలి. సరస్సు కాసేపు కనబడకపోయినా ఫరవాలేదు.